ఆరు, రెండున్నర, రెండు

మా బావ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించిన పనులు ఇవి.

పొడవు, వెడల్పు, ఎత్తు తేల్చాలి.
నేల బరువు ఆపుతుందో లేదో ఇంజినీరు చెప్పాలి.
గాజు మేస్త్రీని పిలవాలి.
భోజనాల బల్ల అమ్మ గదిలోకి జరపాలి.
కిటికీకి మందపాటి తెర. ఎండ పడితే నాచు పడుతుంది.
ప్లగ్గులు నాలుగు, నీళ్ళు చిందని ఎత్తులో.
ఉప్పు, రాళ్ళు, ఇసుక.
పగడాలు, చేపలు అన్నిటికన్నా చివర. తొందరపడకూడదు.

చివరి మాట కింద రెండు గీతలు కూడా గీసుకున్నాడు, తొందరపడేది తనే కాబట్టి. రెండో వాక్యంలోని ఇంజినీరు నేనే. నా పరీక్షా ఫలితాలు వచ్చి అప్పటికి ఇరవై రోజులు. మా ఇంటి మొత్తం మీద డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటివాణ్ణి. ఉద్యోగం ఉత్తర్వు వచ్చేదాకా అక్కా వాళ్ళింట్లో ఉండమంటే ఆ ఎండాకాలం వచ్చి ఉన్నాను.

బావది యంత్రాలు అమ్మే కంపెనీలో ఉద్యోగం. నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతాడు. అలా తిరుగుతున్నప్పుడు ఎవరిదో ఆఫీసులో గోడ పొడవునా పగడాల తొట్టి చూశాడట. ఉప్పునీళ్ళు, రంగురంగుల పగడాలు, వాటి మధ్య చేపలు. వెళ్ళిన పని మరిచిపోయి గంటసేపు దాని ముందే నిలబడ్డాడట. ఇంటికొచ్చాక హాల్లో నేల మీద సుద్దముక్కతో ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గీశాడు. ఎత్తు చూపించడానికి తన నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇదిగో, ఇంత."

"ఇంత దాంట్లో చేపలెందుకురా, మనుషుల్నే పెంచుకోవచ్చు" అంది బావ వాళ్ళమ్మ. నేను అత్తయ్యగారు అని పిలిచేవాణ్ణి. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువగా కుర్చీలోనే ఉండేది గాని, ఆవిడ నోటికి ఏ నొప్పీ లేదు.

ఆ గీతలు వారం రోజులు అలాగే ఉన్నాయి. అక్క ఆ గీతల లోపల కూర్చునే ఉతికిన బట్టలు మడతపెట్టేది. వంటింట్లోంచి కాఫీ తెస్తూ గీత తొక్కితే బావ కుర్చీలోంచే అరిచేవాడు.

"ఏమోయ్, నీళ్ళలో నడుస్తున్నావు! పగడాలు విరుగుతాయి!"

"ఈతొచ్చులెండి నాకు" అనేది అక్క.

అందరం నవ్వేవాళ్ళం. అబద్ధం చెప్పను, అది సంతోషంగా ఉన్న ఇల్లే.

అక్క పెళ్ళికి ముందు నీటి పరీక్షలు చేసే ల్యాబులో మూడేళ్ళు పనిచేసింది. రెండేళ్ళ కోర్సు చదివింది. గ్లాసులో నీళ్ళు పట్టి వెలుతురుకు ఎత్తి చూసే అలవాటు ఆ పని మానేసినా పోలేదు. అది బావకు తెలుసు. తెలిసే ఈ పని మొదలుపెట్టాడు.

"ల్యాబు వదిలేశానని ఎన్నిసార్లు అనుకుంది మీ అక్క! నేను వింటూనే ఉన్నానోయ్ ఇంజినీరూ. పగడాలంటే మాటలా? ఉప్పు ఎంత, సున్నం ఎంత, వేడి ఎంత, రోజూ పరీక్ష చెయ్యాలి. అది మీ అక్క తప్ప ఎవరు చెయ్యగలరు? ఇప్పుడు ల్యాబే ఇంటికొస్తుంది."

చెబుతుంటే ఆయన కళ్ళు మెరిశాయి. అక్క చొక్కా మడత విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

ఫ్రిజ్ మీది కాగితంలో లేని పని ఒకటి ఆ ఇంట్లో ఉందని, గీతలు గీసిన నాలుగో రోజు నాకు తెలిసింది. మేడ మీద బట్టలు ఆరేస్తున్నాం. అక్క చుట్టూ చూసి, తడి దుప్పటికి అటువైపు నిలబడి అంది.

"ఒక ఉద్యోగం వచ్చిందిరా."

"ఎవరికి?"

"ఎవరికేంటి? నాకు."

నగర నీటి శుద్ధి కేంద్రంలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. ఆరు నెలల క్రితం పంటి నొప్పని చెప్పి వెళ్ళి పరీక్ష రాసి వచ్చింది. మూడు వందల మంది రాశారు. ఒక్కటే ఖాళీ. జాబితాలో మొదటి స్థానం మా అక్కది. ముందు ఆరు నెలల శిక్షణ, వేరే ఊళ్ళో, అక్కడే హాస్టల్లో ఉండాలి. వచ్చే నెల పదో తారీఖున చేరాలి.

నాకు గంతులేయాలనిపించింది. "బావకు చెప్పావా?"

"చెబ్దామనుకున్న రోజే సుద్దముక్కతో వచ్చారు." అక్క దుప్పటి అంచులు సరిచేసింది. "ఇప్పుడు చెబితే, ఆయన ముచ్చట పడి చేయిస్తున్నదాన్ని మొహం మీద కొట్టినట్టుంటుంది. ఈ తొట్టి మాట దానంతటది ఆగిపోతే, ఆ మర్నాడే చెప్పేస్తాను. నేల ఆగదని నువ్వంటే చాలు. నీ మాటంటే ఆయనకు గురి."

"అక్కా, నిజంగానే ఆగదు. లెక్క వేశాను. మొత్తం మూడు టన్నులు దాటుతుంది. మొదటి అంతస్తు మీద అంత బరువా?"

అక్క దుప్పటి పక్కకు తీసి నా మొహం చూసింది. పకపకా నవ్వింది. "అబద్ధం చెప్పమంటానేమోనని హడలిపోయావు కదూ?"

"అవును."

"నీకు అబద్ధం చేతకాదని నాకు తెలీదా? రెండో తరగతిలో పలక పగలగొట్టి, 'నేనే పగలగొట్టాను' అని నువ్వే ఊరంతా చెప్పుకుని తిరిగావు."

ఆదివారం పొద్దున బావను కూర్చోబెట్టి చెప్పాను. నా జీవితంలో చదువుకు సంబంధించిన ప్రశ్న ఒకటి, పరీక్ష హాలు బయట, నన్ను ఒకరు అడగడం అదే మొదటిసారి. అందుకని చాలా శ్రద్ధగా తయారయ్యాను. ఆ భవనం నక్షా సంపాదించాను. దూలాలు ఎక్కడున్నాయో గోడ తట్టి, టేపు పెట్టి చూసుకున్నాను. తెల్ల కాగితాల మీద రూళ్ళు కొట్టి లెక్కలు రాశాను. ఎనిమిది, మూడు, మూడు. నీళ్ళే రెండు వేల లీటర్లు. పైన గాజు, రాళ్ళు, ఇసుక, కింద ఇనుప బల్ల, వడపోత తొట్టి.

"ఆగదు బావా. ఇవాళ కాకపోయినా, స్లాబు వంగుతుంది, పగుళ్ళు వస్తాయి. నేను ఒప్పుకోలేను."

బావ నా కాగితం రెండుసార్లు చదివాడు. అత్తయ్యగారు "పోనీలేరా, గాజు సీసాలో రెండు ఎర్రచేపలు వేసుకో" అంది. బావ నవ్వలేదు. లేచి, హాలు మధ్యకు వెళ్ళి, కాలితో సుద్దగీత చెరపడం మొదలుపెట్టాడు. ఒక వైపు చెరిపాడు. అక్క వంటింటి గుమ్మంలో తడిచేతులు తుడుచుకుంటూ నిలబడి చూస్తోంది. రెండో వైపు చెరపబోతూ ఆగాడు.

"మరి ఎంతైతే ఆగుతుంది?"

జవాబు నా దగ్గర ఉంది. రెండో పేజీలో ఉంది. ఎవరూ అడక్కుండానే ముందు రోజు సాయంత్రం రాసుకున్నాను. కాదు అని చెప్పి ఊరుకునేవాడు మంచి ఇంజినీరు కాడని మా సారు అనేవారు.

"ఆరు, రెండున్నర, రెండు" అన్నాను. "గోడ వారగా, దూలం మీద పెట్టాలి. పద్నాలుగు వందల కిలోలకు మించదు. అలా అయితే ఆగుతుంది."

"ఏ గోడ?"

అక్క రాతబల్ల ఉన్న గోడ చూపించాను.

బావ నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. అక్క కేసి చూసేసరికి గుమ్మంలో లేదు. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. అవి అంతకు ముందే కడిగిన గిన్నెలు.

తెలిసిన జవాబు చెప్పకుండా ఉండడం నాకు ఎవరూ నేర్పలేదు. నేను బాగుపడిందంతా అడిగినదానికి జవాబు చెప్పడం వల్లే. ఇది సంజాయిషీ కాదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

సాయంత్రం ఫ్రిజ్ మీద కాగితంలో భోజనాల బల్ల అన్నచోట కొట్టేసి రాతబల్ల అని రాసి ఉంది. మొదటి రెండు పనుల పక్కన టిక్కులు పడ్డాయి.

గాజు మేస్త్రీ గురువారం వచ్చాడు. ఎవరెంత బతిమాలినా కొలత మార్చడని ఊరంతా అతన్ని అంగుళం మేస్త్రీ అనేవారు. అరవై దాటిన మనిషి, వేళ్ళ నిండా పాత గాయాల గీతలు. నా కాగితం చదివి, తల ఊపి, జేబులో పెట్టుకున్నాడు.

"బాగుంది. ఇంతకీ చెయ్యి ఎవరిది?"

"ఏ చెయ్యి?" అన్నాడు బావ.

"తొట్టిలో పెట్టే చెయ్యి బాబూ. చెయ్యి కొలవకుండా నేను గాజు కొయ్యను. అడుగున పగడం ఒరిగితే నిలబెట్టాలి, రాయి జరపాలి, నాచు గీకాలి. చెయ్యి అడుక్కు అందకపోతే ఇంకెందుకు? ఒకాయన నా మాట వినకుండా నాలుగడుగుల ఎత్తు చేయించుకున్నాడు వేరేచోట. చేప చచ్చి అడుగున పడింది. తియ్యడానికి వారం పట్టింది. ఆ వాసనకు అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి పోయారు."

"ముప్పై అంగుళాల ఎత్తు చెయ్యకూడదా? చిన్న స్టూలు వేసుకుంటుంది."

"స్టూలు బల్బు మార్చడానికండీ. రోజూ ఎక్కి దిగడానికి కాదు. చెయ్యి ఎవరిదో చెప్పండి."

బావ నవ్వుతూ అక్క వైపు చూపించాడు. అత్తయ్యగారు కుర్చీలోంచి, "ఇంకెవరిది, ఈ ఇంట్లో చెయ్యి ఆవిడదొక్కర్తిదే. మిగతావన్నీ నోళ్ళే" అంది.

అక్క ముందుకొచ్చి కుడిచెయ్యి చాపింది. మేస్త్రీ టేపు అవతలి చివర పట్టుకోమని నాకిచ్చాడు. చంక కింద నేను పట్టుకున్నాను. నడివేలి చివర అతను పట్టుకున్నాడు.

"ఇరవై అయిదు. అంచు మీంచి వంగడానికి ఒక అంగుళం తీసెయ్యాలి. ఎత్తు ఇరవై నాలుగు." మేస్త్రీ నా వైపు చూసి మెచ్చుకోలుగా నవ్వాడు. "రెండడుగులే రాశావుగా బాబూ! మీ అక్క చేతికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది."

నేను ఆ రెండు అనే అంకె స్లాబు కోసం రాశాను. అక్క చెయ్యి నా లెక్కలో ఎక్కడా లేదు.

మేస్త్రీ టేపు చుట్టుకుంటూ అక్కతో అన్నాడు. "మొదటి ఆరు నెలలు ఈ చెయ్యి ఊళ్ళోనే ఉండాలి తల్లీ. నీళ్ళు ఆవిరైపోతుంటాయి, ఉప్పు పెరుగుతుంటుంది. రోజూ మంచినీళ్ళు పొయ్యాలి, రోజూ కొలవాలి. తొట్టి కుదురుకునేదాకా చెయ్యి మారకూడదు. ముందే అడుగుతున్నా, ఎక్కడికైనా వెళ్ళే పనుందా? ఉంటే చెప్పు, వచ్చే ఏడాది చేద్దాం. నాకేం తొందర లేదు."

అక్క నా వైపు చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. మాట నేను ఎత్తాలి. ఉందండీ, మా అక్కకు పదో తారీఖున వెళ్ళే పనుంది. ఇంతే మాట. నేను చేతిలో మిగిలిన టేపు చివరను చూస్తూ నిలబడ్డాను. నాలుగు రోజుల క్రితం ఆగుతుందని చెప్పిన నోటితో, అంతమంది ముందు, బావ అంత సంబరంగా ఉన్నప్పుడు, ఎలా అని ఆలోచిస్తున్నాను. ఆలోచన అయ్యేలోపల బావ అందుకున్నాడు.

"ఎక్కడికెళ్తుంది మేస్త్రీ! నాకన్నా బాగా చూసుకుంటుంది."

"అమ్మాయిని అడిగాను బాబూ" అన్నాడు మేస్త్రీ.

"లేదండీ" అంది అక్క. "ఎక్కడికీ లేదు." చాపిన చెయ్యి అప్పుడు దించింది.

మేస్త్రీ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. "అక్కా, నేను చెబుతాను బావతో. ఇవాళే చెబుతాను."

"చాల్లేరా, నువ్వు చెప్పింది" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత నవ్వు ఆపి, "నా మీద ఒట్టు. ఎవరికీ చెప్పకు" అంది.

ఒట్టు నిలబెట్టుకున్నాను. ఆ పని నాకు తేలిగ్గా వచ్చింది.

గాజు పలకలు వచ్చాయి. హాల్లోనే అతికించారు. సిలికాన్ ఆరడానికి వారం రోజులు కిటికీలు తెరవొద్దన్నారు, దుమ్ము పడుతుందని. ఆ తర్వాత తెర కుట్టించారు, ఎండ పడకూడదని. నీళ్ళు నింపాక వేడి పెరగకూడదని తలుపులు కూడా దగ్గరగా వేసి ఉంచాల్సి వచ్చింది. బయట ఎండ పేలిపోతుంటే హాల్లో నీలం లైటు, పంపుల మూలుగు. అత్తయ్యగారు "నన్ను సముద్రం అడుగున పారేశార్రా" అని గొణుక్కుంటూ తన గదిలోకి మారిపోయింది. అక్క రాతబల్ల కూడా ఆవిడ గదిలోనే మందు సీసాలు పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఏడో తారీఖున నా ఉద్యోగం ఉత్తర్వు వచ్చింది. పదిహేనున చేరాలి. అక్క నా చొక్కాలన్నీ ఇస్త్రీ చేసింది. కాలర్ల దగ్గర రెండుసార్లు చేసింది.

పదో తారీఖు బావ ఊళ్ళో లేడు. పొద్దున ఎనిమిదింటికి నేను హాల్లోకి వచ్చేసరికి అక్క బయటికి వెళ్ళే మంచిబట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, తొట్టి ముందు నిలబడి ఉంది. పక్కన సంచి ఏమీ లేదు. తొమ్మిదింటికి బస్సు ఉందని నాకు తెలుసు. తనకూ తెలుసు.

"నీళ్ళు రెండు వేళ్ళు దిగాయి" అంది.

"నేను పోస్తాను. నువ్వెళ్ళక్కా. ఇప్పటికైనా వెళ్ళు. బావకు నేను చెప్పుకుంటాను."

"ఆరు నెలలూ పోస్తావా?"

నేను నీళ్ళ బకెట్టు దగ్గరికి జరిపాను.

"పదిహేనున నువ్వు చేరాలి కదా" అని తనే అంది, నాకు అందించినట్టుగా.

నేను చేరనులే అనే మాట ఒకటి ఉంది. అది నా నోట రాలేదు. నాన్నకు ఉత్తరం రాసేశాను, ఊళ్ళో అందరికీ చెప్పేసి ఉంటాడు, మా ఇంట్లో మొదటి ఇంజినీరు ఉద్యోగం, ఇవన్నీ వరసగా గుర్తొచ్చాయి. అక్క కాసేపు చూసింది. నన్ను ఎక్కువసేపు ఇబ్బంది పెట్టడం తనకు ఇష్టం ఉండదు. చేతి గాజు తీసి పక్కన పెట్టి, చెయ్యి భుజం దాకా తొట్టిలో ముంచి, ఒరిగిన రాయిని నిలబెట్టింది. చెయ్యి అడుక్కు అందింది. మంచిబట్టలు ఆ వైపంతా తడిసిపోయాయి. ఉప్పు కొలిచి, పుస్తకంలో తారీఖు వేసి రాసుకుంది.

పన్నెండున ఫోన్ వచ్చింది. అప్పుడే ఊరి నుంచి దిగిన బావ ఎత్తాడు. "ఏ శిక్షణండీ?" అన్నాడు. అవతలి మాటంతా విన్నాడు. "అలాగేనండీ" అని పెట్టేశాడు. బూట్లు విప్పకుండానే కూర్చున్నాడు.

"నువ్వు చేరలేదట. తర్వాతి ఆవిడకు కబురు పెట్టేశారట." అక్క వైపు చూశాడు. "ఫస్టు వచ్చావా నువ్వు?"

"ఆఁ."

"చెబితే ఆపేవాణ్ణా?"

"ఆపేవారు కాదు. బాధపడేవారు."

"పడేవాణ్ణి. పడితే ఏమయ్యేది? రెండు రోజులు పడి ఊరుకునేవాణ్ణి కదే!"

బావ నా వైపు తిరిగి, "నీకు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. చేతులు మొహం మీద పెట్టుకుని, "రేపే మేస్త్రీని పిలిచి దీన్ని తీయించేస్తాను" అన్నాడు.

"పద్నాలుగు వందల కిలోలండీ" అంది అక్క. "తీసి ఎక్కడ పెడతారు? పైగా ఆ ఉద్యోగం ఇప్పుడు లేదుగా. బూట్లు విప్పండి ముందు, నేలంతా దుమ్ము."

ఆ తర్వాత బావ మారాడు. ఊళ్ళో ఉన్న రోజుల్లో నీళ్ళు తనే పోస్తాడు. పుస్తకంలో అంకెలు తనే రాస్తాడు, తప్పు రాస్తే అక్క దిద్దుతుంది. పగడాలు బతికాయి. వచ్చినవాళ్ళంతా ఆ తొట్టి ముందు నిలబడిపోతారు. ఇంత పెద్దది నేల ఎలా ఆపుతోందని ఎవరైనా అడిగితే బావ నా పేరు చెప్పడు, లేచి కాఫీ తెస్తానంటాడు. నేల మాత్రం ఇంతవరకూ వెంట్రుకంత కూడా వంగలేదు. వెళ్ళినప్పుడల్లా చూస్తాను.

నగర నీటి శుద్ధి కేంద్రంలో ఇప్పుడు నీళ్ళు పరీక్షించేది జాబితాలో రెండో స్థానంలో వచ్చినావిడ. మంచి పనిమంతురాలని విన్నాను. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ నీళ్ళు తాగే లక్షల మందిలో మీరు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఏ ఊళ్ళో ఉన్నా సరే, పొద్దున్నే కుళాయి తిప్పి గ్లాసు నింపుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగి, మొదటి స్థానంలో వచ్చిన మా అక్కను గుర్తుచేసుకోండి.